కంప్యూటరు ఒప్పుకొనుట లేదనిన, ఏ కంప్యూటరు?

గ్రామ పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చు మొరలలో ఈ మధ్యకాలమున ఒక క్రొత్త మాట చేరినది. "కంప్యూటరు ఒప్పుకొనుట లేదు" అనునదే ఆ మాట. బియ్యము రాలేదని వచ్చిన ముసలమ్మకును, పాసు పుస్తకమునందు నాలుగు గుంటలు తగ్గినవని వచ్చిన రైతునకును, పని ముగించి మూడు మాసములైనను బిల్లు రాలేదని వచ్చిన మేస్త్రికిని ఈ ఒక్క సమాధానమే లభించుచున్నది. పూర్వము పై అధికారి ఒప్పుకొనలేదనినయెడల, ఆ అధికారి ఎవరో, ఏ కచేరీలో కూర్చుండునో విచారించి, అర్జీ వ్రాసికొని పోవుటకు వీలుండెడిది. కంప్యూటరు ఎచ్చట కూర్చుండును? దానికి అర్జీ పెట్టుకొనుట యెట్లు?

సుమారు రెండు సంవత్సరములు పాలకవర్గములు లేక ప్రత్యేకాధికారుల క్రింద నడచిన మన పంచాయతీలకు 2025 డిసెంబరు నెలలో ఎన్నికలు జరిగి క్రొత్త సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చియున్నారు. వీరిలో అనేకులు ఇట్టి మొరలను మొదటిసారి వినుచున్నవారే. వీరి ఉపయోగము నిమిత్తము కంప్యూటర్లలో ఎన్ని తెగలు కలవో, ఏది ఏ పనికి ఏర్పడినదో, మన సిద్దిపేట ప్రాంతపు అనుభవమును ఆధారము చేసికొని వ్రాయుచున్నాము. కంప్యూటరు బాగుచేయు విద్యను నేర్పుట మా ఉద్దేశము కాదు. ఒప్పుకొనని కంప్యూటరు ఏది, దాని వెనుక ఉన్న మనిషి ఎవరు అని అడుగగలిగిన చాలును.

ఇటీవల మేము సిద్దిపేటకు సమీపమున గల ఒక గ్రామమునకు పోయియుంటిమి. రేషను దుకాణము ముందు ఒక వృద్ధురాలు సంచి చంకన పెట్టుకొని అరుగు మీద కూర్చుండియున్నది. "కంప్యూటర్ల నా పేరు లేదట బిడ్డా, నేను బతికే ఉన్న గద" అని మాతో మొరపెట్టుకొన్నది. పేరు చేర్పించుకొనుటకు ఆమె రెండుసార్లు ఆటో కిరాయి పెట్టుకొని మండల కేంద్రమునకు పోయి వచ్చినది. అచ్చట పేరు ఉన్నదనిరి. ఇచ్చట లేదనిరి. మేము దుకాణదారుని మరల ఒకసారి ప్రయత్నింపుమని కోరి, యంత్రపు తెరమీద వచ్చిన ఆంగ్ల వాక్యమును ఒక కాలేజి విద్యార్థిచే చదివించితిమి. పేరు లేదని ఆ యంత్రము చెప్పనేలేదు. వేలిముద్ర సరిపోలలేదని మాత్రమే చెప్పినది. ముప్పది నలువది ఏండ్లు బీడీలు చుట్టి, వానాకాలము నాట్లు వేసి, ఆమె బొటనవ్రేలి గీతలు అరిగిపోయినవి. ఎడమచేతి నడిమి వ్రేలు పెట్టించిన వెంటనే యంత్రము అంగీకరించినది. రెండు ఆటో కిరాయిలును, రెండు దినముల కూలియును వృథా అయినవి. తెరమీది ఒక్క వాక్యమును ఎవరును చదువకపోవుటయే దీనికి కారణము.

ఈ సంగతిని గుర్తునందుంచుకొని ముందు కంప్యూటరు అననేమో చూతము.

కంప్యూటరు చేయునవి నాలుగే పనులు. చెప్పినది పుచ్చుకొనును, దానిని భద్రపరచును, ముందుగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల ప్రకారము లెక్కకట్టును, ఫలితమును చూపును. 1984లో రద్దగువరకు మన ఊళ్ల పట్వారీ చేసినదియు ఇంచుమించు ఇదియే. రైతు చెప్పినది వినెను, పహాణీలో వ్రాసెను, శిస్తు కట్టెను, రసీదు ఇచ్చెను. పట్వారీకి ఇష్టానిష్టములుండెను, కంప్యూటరుకు లేవు. ఇంతవరకు మేలే. కాని పట్వారీకి ఊరు తెలియును, మనిషిని చూచి గుర్తుపట్టును. కంప్యూటరుకు అదియును లేదు. దానిలో మనిషి వ్రాసిన తప్పును అది తప్పని ఎరుగక, ఒప్పని నమ్మినట్లుగనే ఎన్ని వేలసార్లయినను చెప్పుచుండును.

మన దేశమునకు కంప్యూటరు 1955లో వచ్చినది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు గణాంకముల పనికై ఇంగ్లండు నుండి తెప్పించిరి. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో మనవారే కట్టిన 'టిఫ్రాక్' 1960లో పని ప్రారంభించినది. ఆనాటి కంప్యూటరు ఒక గది నిండుగ ఉండెడిది. ఈ విషయమున మన హైదరాబాదుకు ప్రత్యేకమైన స్థానము కలదు. 1967లో అచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడినది. దానికి పునాది వేసినవారు తెలుగువారైన డాక్టరు ఏ.ఎస్. రావు గారు. 1969లో వెలువడిన టి.డి.సి.-12 అను కంప్యూటరు మన దేశమున తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. ఇప్పుడు మన జేబులోని సెల్‌ఫోను దానికంటె ఎన్నో రెట్లు వేగముగ లెక్కించును.

అదే ఇ.సి.ఐ.ఎల్. తయారుచేయు మరియొక యంత్రమును మీలో అందరును చేతితో తాకియున్నారు. శాసనసభకు, లోకసభకు ఓటు వేయు యంత్రమే అది. అదియును కంప్యూటరే అనిన కొందరు ఆశ్చర్యపడుదురు. నొక్కిన మీటను లెక్కించుట తప్ప దానికి వేరు పని లేదు, ఇంటర్నెట్‌తో గాని ఫోనుతో గాని సంబంధము లేదు. ఇట్లు ఒకే పనికి పుట్టి, ఆ పనిముట్టు లోపలనే దాగియుండు కంప్యూటర్లు మన చుట్టును ఇప్పుడు వందలుగ ఉన్నవి. ఇంటి గోడమీది ఎలక్ట్రానిక్ కరెంటు మీటరులో ఒకటి, ధాన్యము తూచు ఎలక్ట్రానిక్ కాంటాలో ఒకటి, ఊరిలోనుండియే బావికాడి మోటారును నడుపుటకు రైతు పెట్టించుకొన్న సిమ్ము గల స్టార్టరులో ఒకటి. వీటితో వచ్చు చిక్కులు తక్కువ. చెడిపోయినది కంటికి కనబడును, బాగుచేయువాడు మండలములోనే దొరకును. కాంటా విషయమున మాత్రము సభ్యులు ఒకటి గమనింపవలెను. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదో లేదో చూడవలెను. అంకెలు వెలుగుచున్నంత మాత్రమున అవి సరియైన అంకెలు కానక్కరలేదు.

ఇక రేషను దుకాణపు యంత్రము. దానిని ఈ-పాస్ యంత్రమందురు. ఇది వేరొక తెగ. ఇది తనంత తాను ఏమియు నిర్ణయింపజాలదు. ఎచ్చటనో ఉన్న పెద్ద కంప్యూటరుకు ఇది కిటికీ వంటిది. కార్డు నంబరు కొట్టినప్పుడు, ఆ కార్డులోని పేర్లు ఈ యంత్రములో నుండి రావు, పౌర సరఫరాల శాఖవారి కంప్యూటరునుండి వచ్చును. వ్రేలు పెట్టినప్పుడు ఆ ముద్ర ఆధారు సంస్థవారి కంప్యూటరుకు పోవును. ఆ సంస్థవారి పెద్ద కంప్యూటర్లు బెంగుళూరునందును, ఢిల్లీ సమీపమున మానేసరునందును ఉన్నవి. మన అవ్వ వ్రేలిముద్ర అంత దూరము పోయి, అచ్చట దాచియుంచిన ముద్రతో పోల్చబడి, "అవును" లేక "కాదు" అను ఒక్క మాటగ తిరిగివచ్చును. అటుపిమ్మట బియ్యము తూచి, చీటీ ఇచ్చెదరు. ఇదంతయు రెప్పపాటులో జరుగుటచే మనకు అంతయు ఆ చిన్న డబ్బాయే చేసినట్లు తోచును.

కనుక బియ్యము రానప్పుడు తప్పు ఉండగల తావులు మూడు. సిగ్నలు అందక మాట పైకి పోకపోవచ్చును. అట్లయిన యంత్రమును పట్టుకొని సిగ్నలు దొరకు చోటికి పోవలెను, లేదా మరియొక సిమ్ము వాడవలెను. ఏ కచేరీకిని పోనక్కరలేదు. మాట పైకి పోయి, వ్రేలిముద్ర కలియకపోవచ్చును. అప్పుడు తక్కిన వ్రేళ్లు, కంటిపాపను చూచు పరికరము, ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అను మార్గములు కలవు. అవియును పనిచేయనియెడల ఆధారు కేంద్రమునందు ముద్రలు క్రొత్తగ ఇప్పించవలెను. మూడవది, నిజముగనే కార్డులో పేరు లేకపోవుట. దీనికి మాత్రమే మీసేవలో దరఖాస్తు చేసి తహశీలుదారు కార్యాలయమునకు పోవలసియుండును. పైన చెప్పిన వృద్ధురాలు రెండవ చిక్కునకు మూడవ చోటికి తిరిగినది. ప్రతి వార్డు సభ్యుడును నెలకొకసారి బియ్యమిచ్చు దినమున దుకాణము కడ అరగంట నిలువబడి, వెనుకకు పోవువారి విషయమున యంత్రము ఏమి చెప్పినదో చదివించినయెడల ఇట్టి తిరుగుళ్లు చాలవరకు తప్పును.

చిన్న యంత్రము పెద్ద యంత్రముపై ఆధారపడునని చెప్పితిమి. అది డబ్బుమీదను ఆధారపడును. దీనికి మన జిల్లాలోనే నిదర్శనము కలదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన పిమ్మట సిద్దిపేట సమీపమునందలి ఇబ్రహీంపూరు నగదు రహిత గ్రామమని పేరుపొందినది. ఇంటింటికి బ్యాంకు ఖాతాలు తెరచి, కార్డులు ఇచ్చి, దుకాణములందు స్వైపు యంత్రములు పెట్టిరి. ఉప్పు, పప్పు, ఆటో కిరాయి సయితము కార్డుతో చెల్లించుట చూచుటకు పత్రికలవారు దూరప్రాంతములనుండి వచ్చిరి. గ్రామస్థులు శ్రద్ధతో నేర్చుకొనిరి, అందులో లోపము లేదు. కాని కొంతకాలమునకు ఆ యంత్రములకు నెలనెల చెల్లించు అద్దె దుకాణదారులకు భారమై, వాటిని వాపసు చేసిరని అవే పత్రికలు వ్రాసినవి. పది రూపాయల సబ్బుబిళ్లమీద మిగులు లాభమెంత? దానిలో యంత్రపు అద్దె పోగా మిగులునదెంత? ఈ లెక్క ముందుగా ఎవరైన వేసియుండవలసినది. తరువాత అదే పనికి సెల్‌ఫోనును, దుకాణము గోడకు అంటించిన గళ్ల కాగితమును వచ్చినవి. ఆ కాగితమునకు నెల అద్దె లేదు. నేడు సిద్దిపేట సంతలో కూరగాయలమ్ము స్త్రీ సయితము దానిని వాడుచున్నది.

పంచాయతీ నిధులతో ఏ యంత్రము కొనుటకు తీర్మానము వచ్చినను ఇబ్రహీంపూరును తలచుకొనుడు. కొనుగోలు ధర అందరును అడుగుదురు. నెలనెల ఖర్చెంత, కరెంటు పోయిన ఏమగును, చెడిపోయిన ఎవరు వత్తురు, రెండేండ్ల తరువాత దాని గతి యేమి అనునవి అడుగువారు అరుదు. దాతలు ఇచ్చిన సి.సి. కెమెరాలు స్తంభములమీద చక్కగా నిలిచియుండి, వాటి చిత్రములను దాచు పెట్టె మాత్రము చెడి మూల పడియుండుటను మేము ఒకటి రెండు ఊళ్లలో చూచితిమి. ఆ పెట్టెయును కంప్యూటరే. కెమెరా కన్ను మాత్రమే, జ్ఞాపకము ఆ పెట్టెలో ఉన్నది. దొంగతనము జరిగిన మరునాడు ఆ సంగతి తెలిసి ప్రయోజనము లేదు.

ఇప్పుడు కిటికీని విడిచి లోపలి ఇంటిని చూతము. ఒకే చోట కూర్చుండి వేలాది కిటికీలకు ఒకేసారి సమాధానము చెప్పు పెద్ద కంప్యూటరును సర్వరు అందురు. ఇట్టివి వరుసలు వరుసలుగ పెట్టి, ఎల్లవేళల చల్లదనము, కరెంటు ఆగకుండ చూచు భవనమునకు డేటా సెంటరని పేరు. రైలు టిక్కెట్లు, బ్యాంకు ఖాతాలు, భూమి లెక్కలు ఇచ్చటనే ఉండును.

భూమి లెక్కల చరిత్రయే దీనికి మంచి ఉదాహరణము. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయములందు 'కార్డ్' అను పద్ధతి ప్రారంభమైనది. దస్తావేజుల లెక్కలు, ఈసీలు కాగితపు పుస్తకములనుండి కంప్యూటరులోనికి వచ్చినవి. 2011లో మీసేవ వచ్చి, కచేరీల చుట్టు తిరుగుటను కొంత తగ్గించినది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. రాష్ట్రమంతటి వ్యవసాయ భూముల లెక్క ఒక్క చోటికి చేరి, రిజిస్ట్రేషనును, పేరు మార్పును ఒకే దినమున తహశీలుదారు కార్యాలయముననే జరుగునట్లయినది. తప్పులు లేని భూములవారికి ఇది గొప్ప సౌకర్యమైనది. కాని పాత కాగితములందలి పొరపాట్లు ఎక్కించునపుడు తోడే వచ్చినవి. విస్తీర్ణము తగ్గినది కొందరికి, పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరినది మరికొందరికి. కాగితములో తప్పు ఒక పుస్తకములో ఉండును. సర్వరులోని తప్పు మీసేవలో, బ్యాంకులో, పంట రుణములో, అన్ని కిటికీలలోను ఒకేసారి కనబడును. దిద్దించుకొనుటకు క్రింది మెట్టు లేక రైతులు చాల కష్టపడిరి. 2025 ఏప్రిలు 14న ధరణి స్థానమున భూభారతి వచ్చినది. దాని చట్టము తహశీలుదారు ఉత్తర్వుమీద ఆర్.డి.ఓ. గారికిని, పిమ్మట కలెక్టరు గారికిని అప్పీలు చేసికొను మార్గమును కల్పించినది. భూమి తగాదాతో వచ్చినవారికి సభ్యులు చెప్పవలసిన సంగతి ఇది. "కంప్యూటరులో లేదు" అనుట ఉత్తర్వు కాదు. దరఖాస్తు పెట్టి, దానిమీద వ్రాతపూర్వకమైన ఉత్తర్వు తీసికొనినగాని అప్పీలునకు ఆధారముండదు.

ఇంతకంటె పెద్ద పాఠము రేషను కార్డులది. ఒక శాఖ లెక్కను మరియొక శాఖ లెక్కతో కలిపి, వాహనములు, భూములు, ఉద్యోగములు గలవారిని కంప్యూటరుచే ఏరించు పద్ధతి మన రాష్ట్రమున కొంతకాలముగ వాడుకలో ఉన్నది. అనర్హులను తొలగించుట న్యాయమే. అయితే పేర్లు కలియుటచేతనో, పాత లెక్కలచేతనో, అర్హులును అందులో కొట్టుకొనిపోయిరి. రాష్ట్రమున రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ఇంటికి పోయి చూడకుండ, కంప్యూటరు చెప్పినదని రద్దుచేయుట తగునా అను ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపవలెనని ఆదేశించినది. విచారణలో వేలాది కుటుంబములు అర్హులేయని తేలినది. మేము ప్రభుత్వ శాఖలో పనిచేయువారమయ్యును ఈ సంగతిని దాచక చెప్పుచున్నాము. ఏలయనగా, ఒక ఇంటిముందు కారు ఉన్నదో, తాటాకు పందిరి ఉన్నదో చూచుటకు రాజధానిలోని సర్వరుకు కన్నులు లేవు. వార్డు సభ్యునకు ఉన్నవి. అర్హుల జాబితా గ్రామసభలో చదువునపుడు లేచి ఒక్కొక్క పేరును అడుగుటకు చట్టము అతనికి చోటిచ్చియున్నది.

పంచాయతీ కార్యాలయపు బల్లమీది కంప్యూటరు సంగతికి వత్తము. దీనిని పర్సనల్ కంప్యూటరు, అనగా ఒకరు కూర్చుండి వాడుకొను కంప్యూటరందురు. ఓటు యంత్రమువలె దీనికి ఒకే పని కాదు. తీర్మానము టైపు చేయును, పన్ను రసీదు ముద్రించును, ఇంటర్నెట్టు కలిపినయెడల కిటికీగను పనిచేయును. ఏ పనియైన చేయుననుటయే దీని గొప్పతనమును, దీని ప్రమాదమును. సినిమా పాటలకై పెట్టిన పెన్ డ్రైవుతో చెడుగు లోపలికి రావచ్చును. ఇంటిపన్ను డిమాండు పట్టిక ఒక్క ఈ పెట్టెలోనే ఉండి, అది పిడుగుపాటుకు కాలినయెడల పంచాయతీ ఆదాయము లెక్క పోయినట్లే. నెలకొకసారి పట్టికలను వేరొక డ్రైవులోనికి ఎత్తించి బీరువాలో పెట్టించుడు. ముఖ్యమైనవి కాగితముమీదను ముద్రింపించి ఉంచుడు. పాతకాలపు మాటగ తోచవచ్చును, కాని మేము ఈ విషయమున పాతకాలపువారమే.

ఈ బల్లమీదనుండియే పంచాయతీ డబ్బు కదలుచున్నది. 2020 ఏప్రిలు 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ అను పద్ధతిలో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికయు, ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులును ఎక్కించబడుచున్నవి. చెక్కుమీద సంతకమునకు బదులు ఇచ్చట డిజిటల్ సంతకము. ఒకరు బిల్లును తయారుచేసి సంతకము చేయవలెను, వేరొకరు సరిచూచి సంతకము చేయవలెను. ఆ సంతకము వ్రేలంత పొడవు గల చిన్న పరికరములో ఉండును. ఊళ్లలో దీనిని 'కీ' అనుచున్నారు. నిజముగనే తాళపుచెవి. దానికి ఒక రహస్య సంఖ్యయు ఉండును. కీ దగ్గర ఉండి, సంఖ్య తెలిసిన ఎవడైనను మీ పేర సంతకము చేయగలడు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి సంతకమునకు చేతివ్రాత సంతకమునకు గల విలువనిచ్చినది. తన కీని తన అదుపులో ఉంచుకొను బాధ్యతను 42వ సెక్షను సంతకదారునిమీదనే పెట్టినది.

వాడుకలో జరుగుచున్నదేమి? సర్పంచి గారికి కంప్యూటరు రాదు గావున కీయును, చీటీమీద వ్రాసిన సంఖ్యయును ఆపరేటరు సొరుగులో పడియుండును. పలువురు మహిళా సర్పంచుల కీలు వారి ఇంటి మగవారి జేబులలో ఉండును. రేపు ఆడిటులో అభ్యంతరము వచ్చినపుడు సొరుగునకు గాని, జేబునకు గాని నోటీసు రాదు. సంతకదారునకే వచ్చును. అక్కా, మీ కీ మీ కొంగున ఉండనిండు. సంఖ్యను మీరే నొక్కుడు. నొక్కుటకు ముందు ఎవరికి, ఎంత, ఏ పనికి అను మూడింటిని చదివించుకొనుడు. చెల్లింపులు ఎవరైనను ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో చూచుకొనవచ్చును గనుక, వార్డు సభ్యులు తమ ఊరి లెక్కను తమ ఫోనులోనే తెరచి చూడగలరు. మేస్త్రి బిల్లు ఆగినదని వచ్చినపుడు కంప్యూటరును నిందింపక, మొదటి సంతకము అయినదా, రెండవది అయినదా, బ్యాంకు ఖాతా నంబరులో తప్పు వచ్చి తిరిగి వచ్చినదా అని అడుగుడు. ఇందు ఏదియో ఒకటి అయియుండును.

యంత్రములను నడుపు కంప్యూటర్ల సంగతి క్లుప్తముగ చెప్పెదము. చంద్లాపూరు వద్ద 2020లో ప్రారంభమైన రంగనాయక సాగరమునకు నీరెత్తు పంపు హౌసునందు నాలుగు పంపులు కలవు. ఒక్కొక్కటి సుమారు 134 మెగావాట్లది. అంతటి మోటారును మీట నొక్కి వదలివేయుటకు వీలులేదు. వేడి, అదురు, నీటిమట్టము, కరెంటు ఒత్తిడి క్షణక్షణము కొలిచి, హద్దు మీరినయెడల తనంత తానే ఆపు కంప్యూటర్లు ఇట్టి చోట్ల ఉండును. 2016 ఆగస్టు 7న గజ్వేలు సమీపమున కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి త్రాగునీటి పథకములందును ఇట్టి నియంత్రణము అవసరమే. ఇవి ఇంజనీరుల చేతిలోనివి గావున పంచాయతీకి వీటితో పని తక్కువ. ఊరి ట్యాంకు నిండి పొర్లుచున్నదా అనుటకు మాత్రము ఇంకను మనిషియే మెట్లెక్కి చూడవలసియున్నది.

అన్నిటికంటె పెద్దవి సూపర్ కంప్యూటర్లు. వీటితో పల్లెకేమి పని అని అడుగుదురేమో. రైతునకు అన్నిటికంటె దగ్గరి పని దీనిదే. రేపు వాన పడునా అను లెక్క ఇచ్చట కట్టబడును.

ఆ లెక్క ఎట్టిదనగా, దేశమును చదరంగపు బల్లవలె గడులుగ విభజింతురు. ప్రతి గడిమీదను ఆకాశమును అంతస్తులు అంతస్తులుగ ఊహింతురు. ఒక్కొక్క అంతస్తులో గాలి, వేడి, తేమ ఇప్పుడెంత, కొన్ని నిమిషముల తరువాత ఎంతగునని లెక్కించి, ఆ ఫలితమునుండి తరువాతి కొన్ని నిమిషములకు, అట్లే అయిదారు దినములవరకు కట్టుకొని పోవలెను. ఒక గడిలోని గాలి ప్రక్క గడిలోనికి పోవును గనుక అన్నిటిని ఒకేసారి లెక్కించవలెను. రేపటి వాన లెక్క ఎల్లుండి ముగిసిన ఎవరికి ప్రయోజనము? ఇందులకే వేగము. 2024 సెప్టెంబరు 26న పూనాలో 'అర్క', ఢిల్లీ సమీపమున నోయిడాలో 'అరుణిక' అను రెండు సూపర్ కంప్యూటర్లు వాతావరణ పరిశోధనకై ప్రారంభమైనవి. రెండును సూర్యుని తలపించు పేర్లు. అర్క శక్తి 11.77 పెటాఫ్లాపులు. ఒక పెటాఫ్లాపనగా సెకనుకు కోటి కోట్లకు పదింతల లెక్కలు. ఈ బలముచేత 2025 మే నెలనుండి గడి ప్రక్క కొలత 12 కిలోమీటర్లనుండి 6 కిలోమీటర్లకు తగ్గినది. పూర్వము ఒక గడి ఉన్నచోట ఇప్పుడు నాలుగున్నవి. మండలమునకు ఒక మాట చెప్పుచుండిన లెక్క, గ్రామముల గుంపునకు ఒక మాట చెప్పుటకు వచ్చినది. ఈ లెక్కకు మేత క్రిందినుండి పోవును. మండలములందు నిలిపిన స్వయంచాలక వాతావరణ కేంద్రములలోని చిన్న కంప్యూటర్లు వాన, వేడి, గాలి కొలిచి పైకి పంపుచుండును. వాటి కంచెలో పశువులను కట్టుట, వాన కొలుచు గిన్నెమీద చెట్టు కొమ్మను పెరుగనిచ్చుట మన లెక్కను మనము చెడగొట్టుకొనుటయే.

2024 అక్టోబరు 24నుండి గ్రామ పంచాయతీల వారీగ అయిదు దినముల వాతావరణ సూచన వెలువడుచున్నది. పైన చెప్పిన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లోను, 'మేరీ పంచాయత్' అను ఫోను యాప్‌లోను, 'గ్రామ్ మానచిత్ర'లోను అది కనబడును. వేడి, గాలి వేగము, మబ్బు, వాన అన్నియు అందులో ఉండును. పంచాయతీ కార్యదర్శిచే ప్రతిదినము దానిని కార్యాలయపు బోర్డుమీద తెలుగున వ్రాయించవచ్చును. యాసంగి వరి కోసి ధాన్యము కొనుగోలు కేంద్రములో ఆరబోసిన దినములందు ఉదయముననే వ్రాయించి, మైకులో చెప్పించినయెడల మరియు మంచిది. అకాల వర్షమునకు తడిసి మొలకెత్తిన కుప్పలను ఏప్రిలు, మే మాసములందు మన జిల్లాలో చూడని సంవత్సరము లేదు. సూచన నూటికి నూరుపాళ్లు నిజమగునని ఎవరును చెప్పజాలరు. గడిలో ఒక మూల కురిసి మరియొక మూల ఎండ కాయుటయు కలదు. అయినను మబ్బు పట్టిన తరువాత టార్పాలిన్లకై సిద్దిపేటకు మనిషిని పంపుటకంటె, ముందటి దినముననే కేంద్రములో ఎన్ని టార్పాలిన్లు ఉన్నవో లెక్కించి, చాలనివి తెప్పించుకొనుటకు అది అక్కరకు వచ్చును.